రెండో వైపు

రేడియోలు బాగుచేసే రత్నం మామ
బాగున్న రేడియోని ఊరికే వదిలేవాడు కాదు.
వెనక మూత విప్పి, ఒక తీగని అటుదిటు మార్చి
"ఇప్పుడు విను అబ్బయా" అనేవాడు.
స్టేషనుకీ స్టేషనుకీ నడుమ
ఎవరూ ఆగని చోట ముల్లు నిలబెట్టి.
గురగుర. సన్నటి ఈల. ఎక్కడిదో ఏడుపులాంటిది.
వార్తల కోసం వచ్చిన పోస్టుమాస్టరు
రేడియో చంకన పెట్టుకుని సైకిలెక్కాడు.

పెంచలరత్నం. ఊరు సైదాపురం.
వాన వెలిసి ఎండొస్తే
మట్టిరోడ్డు కూడా తళుక్కుమనే ఊరు.
అన్నంలో, తలగుడ్డలో, చంటిపిల్ల బొడ్లో కాకిబంగారం.
మందంగా ఉంటే కంపెనీది,
పగిలితే ఎవరిదీ కాదు.

ఆ పగిలినదాంతో మొదలెట్టాడు.

అరచేతంత రేకు తీసుకుని సూదితో గీకేవాడు.
బొమ్మ కాదు, అక్షరం కాదు.
"మరేంది మామా?"
"గీకుడు."
పూరింటి కప్పుకి రూపాయంత బొక్క పొడిచి
మిట్టమధ్యాహ్నపు ఎండని లోపలికి దించి
సైకిలు చక్రానికి బిగించిన ముప్ఫయ్యారు రేకుల్ని
నా చేత తిప్పించాడు.
గోడకి కట్టిన పంచె మీద
వెలుగు చీమలబారై పరిగెత్తింది.
టిక్కెట్టు, ఒక నిమ్మకాయ.
ఆ రోజు వసూలు పదకొండు, అందులో రెండు కుళ్ళినవి.
అత్త ఏమీ అనలేదు.
ఆదాయాన్ని ఉప్పులో ఊరేసింది.

కార్తీకంలో వాయుగుండం పట్టిందంటే
మసి పట్టించిన గాజు పలకలు వాకిట్లో పరిచేవాడు.
చినుకు పడ్డచోటల్లా ఒక కన్ను తెరుచుకునేది.
కింద తారీఖు, గంట,
సంతకం చోట "వాన".
పద్నాలుగు పలకలు నెల్లూరు ఎగ్జిబిషనుకి మోసుకుపోయాం.
పొదలకూరు దాటాక కండక్టరు లగేజీ టిక్కెట్టు కొట్టి
సరుకు పేరు రాశాడు: గాజు, మురికి.
అక్కడ బల్ల వెనకాల పెద్దమనిషి
వేలితో ఒక మూల రుద్ది చూసి
"శుభ్రంగా తుడిచి తీసుకురండి" అన్నాడు.

ఆయిలింజను పొగగొట్టానికి కుండలు తగిలించి
సరిగమలు పలికించబోయిన సంగతి
ఊరంతా చెప్పుకుంటారు, నేను చెప్పను.
పోయినవి నాలుగు కుండలు, ఎడమ కనుబొమ్మ.
అది మళ్ళీ మొలవలేదు.
ఆ తరవాత ఆశ్చర్యపోయినా
సగం ముఖంతోనే.

గని మూసేశారు.
రాత్రింబవళ్ళు కొట్టుకునే పంపు ఆగింది.
ఊరికి నిద్ర పట్టలేదు.
మూడో రాత్రి
టేపురికార్డరుని తట్టలో పెట్టి, తాడు కట్టి
గుంతలోకి దించాం.
నలభై ఐదు నిమిషాలకి పైకి లాగి
క్యాసెట్టు తిరగేసి మళ్ళీ దించాం.
"ఏం పట్టింది మామా?"
"ఏమీ లేనిది. జాగర్తగా పట్టుకో."

రేకులు చీల్చే షెడ్డులో,
ఆఖరి వారం కూలికి కూచున్న ఆడోళ్ళ మధ్య
ఆ టేపు పెట్టాడు.
కత్తుల చప్పుడు ఆగలేదు.
పదో నిమిషానికి ఒకటొకటే ఆగింది.
వెంగమ్మవ్వ తలెత్తకుండానే అంది:
"మూడో మెట్టు కాడ తీసినావు.
ఇంకో బారెడు దించుంటే నీళ్ళు."
"పంపు లేదు," అంది ఖాదర్‌బీ.
"అదుగో, ఆడ గాలి మళ్ళుద్ది సూడు.
మా ఆయన బీడీ ముట్టించే రాయి అది."
ఇంకెవరూ మాట్లాడలేదు.
మామ జేబులోంచి రిపేర్ల పుస్తకం తీసి
ఒక్కో మాటా తారీఖేసి రాసుకున్నాడు.
ఆయన చేసినదాని గురించి
ఎవరైనా ఏమైనా రాసి ఉంటే
ఆ పేజీ ఒక్కటే.
దాని వెనక వైపు, ఎవరిదో మర్ఫీ సెట్టు, వాల్వు మార్చాలి.

క్యాసెట్టు తిప్పేలోగా కరెంటు పోయింది.
సోమవారం షెడ్డుకి తాళం.

నేనిప్పుడు నిమ్మకాయల మండీలో లెక్కలు రాస్తాను.
క్యాసెట్టు నా గల్లాపెట్టెలో ఉంది,
ఆడించే మిషను లేదు.
బేరాలు లేని మధ్యాహ్నం
పెన్సిలు దూర్చి రెండో వైపుకి చుడతాను.
టేపు కదిలేటప్పుడు
సన్నగా ఒక గీకుడు.
దాన్ని కూడా రాసిపెట్టుకోమనేవాడు.